విప్పుల్ ఆపరేషన్: అతుకులు ఎలా వేస్తారు, లీకైతే తొందరగా ఎలా పట్టుకోవాలి (పేషెంటు ఇంట్లోవాళ్ళకి)

మీ ఇంట్లో ఎవరికైనా పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) తలభాగంలో గడ్డ ఉంది, విప్పుల్ ఆపరేషన్ చేయాలి అన్నారా? అయితే ఇది మీ కోసమే. ఆపరేషన్ ఎలా చేయాలో సర్జన్‌కి నేర్పే పని మనది కాదు, కానీ లోపల ఏం కోసి ఏం కలిపారో తెలిస్తే ఆ తర్వాత రెండు వారాలు మంచం పక్కన కూర్చున్న మనిషి ఏం చూడాలో తెలుస్తుంది. ఆ చూపు చాలా విలువైనది. ఎందుకో ముందుకెళ్ళేకొద్దీ మీకే అర్థమవుతుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

పాంక్రియాస్ తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తనాళం కింది భాగం ఈ మూడూ ఒకదానికొకటి అంటుకుని, ఒకే రక్తనాళాల మీద బతుకుతుంటాయి. అందుకే గడ్డ ఒక్కదాన్నే గిల్లి తీయడం కుదరదు. తల, ఆ పేగు ముక్క, పిత్తనాళం చివర, గాల్ బ్లాడర్, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు, కొన్నిసార్లు జీర్ణాశయం చివరి భాగం కూడా, అన్నీ కలిపి తీసేస్తారు. జర్మనీలో కౌష్ అనే సర్జన్ 1909లోనే దీన్ని చేశారు, అమెరికాలో అలెన్ విప్పుల్ 1935లో దాన్ని అందరికీ తెలిసేలా చేశారు కాబట్టి పేరు ఆయనది నిలిచిపోయింది. 1978లో జీర్ణాశయాన్ని పూర్తిగా ఉంచేసే పద్ధతి కూడా వచ్చింది, మీ డాక్టరుగారు 'పైలోరస్ (జీర్ణాశయం చివరి ద్వారం) ఉంచుతాం' అంటే అదే.

తీయడం సగం పనే. మిగతా సగం మళ్ళీ కలపడం. చిన్నపేగుని పైకి లాక్కొచ్చి మూడు అతుకులు వేస్తారు: పాంక్రియాస్ మిగిలిన ముక్కకి ఒకటి, పిత్తనాళానికి ఒకటి, జీర్ణాశయానికి ఒకటి. టెన్షన్ అంతా మొదటి అతుకు గురించే. పిత్తనాళం అతుకు లీకయ్యేది తక్కువ, జీర్ణాశయం అతుకు లీకవడం ఇంకా అరుదు. పాంక్రియాస్ అతుకు మాత్రం, ఎంత మంచి చేతుల్లో అయినా, వందలో పది నుంచి ఇరవై మందికి పట్టించుకోవాల్సినంతగా లీకవుతుంది. ఇది ముందే తెలిసుంటే ఆరో రోజున లీకు అన్నారని ఆసుపత్రి మీద విరుచుకుపడరు, బెంబేలెత్తరు.

ఎక్కడ చేయించాలి

దీనికి నేను చెప్పేది ఒక్కటే, దగ్గర కాదు, అలవాటు చూడండి. అమెరికాలో 2002లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ ఆపరేషన్లు చాలా తక్కువ చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం, బాగా ఎక్కువ చేసే చోట 3.8 శాతం. ఇంత తేడా చాలా ఆపరేషన్లలో కనిపించదు.

కాబట్టి సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి: ఏడాదికి ఎన్ని చేస్తారు సార్? రాత్రి రెండింటికి రక్తస్రావం అయితే యాంజియోగ్రామ్ చేసి రక్తనాళాన్ని మూసే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ డాక్టరు మీ దగ్గర ఉంటారా, లేక వేరే ఊరు పంపాలా? ఈ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న, కానీ దాన్ని అడిగేవాళ్ళు చాలా తక్కువ. మంచి సర్జన్‌కి దీనికి కోపం రాదు. డబ్బుల సంగతైతే నిమ్స్, ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలు ఉన్నాయి, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ముందే ఆరోగ్యమిత్రని కలిసి కనుక్కోండి.

ఆపరేషన్‌కి ముందు వారాల్లో

కామెర్లతో బయటపడిన కేసు అయితే మొట్టమొదట పసరు మందు ఆపండి. మన దగ్గర కళ్ళు పచ్చబడగానే పక్క ఊరికెళ్ళి పసరు తాగించడం, చేతి మీద వాత పెట్టించడం ఇంకా ఉంది. నొప్పి లేకుండా కామెర్లు ముదురుతూ, ఒళ్ళంతా దురద, మలం సున్నం రంగులో వస్తుంటే అది దారి మూసుకుపోయిన కామెర్లు, ఏ పసరుకీ ఆ దారి తెరుచుకోదు. పోయేది వారాలు, గడ్డ ఆపరేషన్‌కి అందే దశలో ఉండే ఆ వారాలే.

తర్వాత, స్టెంట్ తొందరపాటు. కామెర్లు కనిపించగానే ఎండోస్కోపీతో పిత్తనాళంలో స్టెంట్ (దారి తెరిచి ఉంచే సన్నని గొట్టం) వేసేయడం అలవాటైపోయింది. నెదర్లాండ్స్‌లో 2010లో వచ్చిన ట్రయల్‌లో బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల అంకె) సుమారు 2.3 నుంచి 14.6 మధ్య ఉన్నవాళ్ళని రెండు గుంపులు చేసి చూస్తే, నేరుగా ఆపరేషన్‌కి వెళ్ళినవాళ్ళలో తీవ్రమైన ఇబ్బందులు 39 శాతం, ముందు స్టెంట్ వేసినవాళ్ళలో 74 శాతం. చలిజ్వరం వచ్చి పిత్తంలో ఇన్ఫెక్షన్ చేరినా, బిలిరుబిన్ మరీ ఎక్కువున్నా, ముందు కీమో ఇవ్వాలన్నా, ఆపరేషన్ తేదీ బాగా దూరంగా ఉన్నా స్టెంట్ కావాల్సిందే. అవేవీ లేకపోతే 'ఇప్పుడు తప్పనిసరా' అని అడగండి. ఇంకోటి, స్టెంట్ వేసే ముందే పాంక్రియాస్ కోసం ప్రత్యేకంగా తీసే సీటీ స్కాన్ అయిపోవాలి, స్టెంట్ పడ్డాక ఆ ప్రాంతం వాచి బొమ్మలో గడ్డ అంచులు సరిగ్గా తెలియవు.

ఒకవేళ స్టెంట్ వేసి ఉంటే ఆ సంగతి, వేసిన తేదీతో సహా, అనస్థీషియా డాక్టరుకి కూడా చెప్పండి. స్టెంట్ ఉన్న పిత్తంలో బాక్టీరియా కాపురం పెడుతుంది కాబట్టి ఆపరేషన్ మొదలవుతుండగా ఇచ్చే యాంటీబయాటిక్ ఎంపిక మారొచ్చు. 2023లో అమెరికాలో వచ్చిన ట్రయల్‌లో మామూలుగా ఇచ్చే సెఫాక్సిటిన్ బదులు పిపరాసిలిన్-టాజోబాక్టమ్ ఇస్తే కోత దగ్గర, కడుపులో వచ్చే ఇన్ఫెక్షన్లు 32.8 నుంచి 19.8 శాతానికి తగ్గాయి.

ఇంట్లో మీ చేతిలో ఉన్నవి: బీడీ సిగరెట్ మందు పూర్తిగా బంద్, కనీసం నాలుగు వారాల ముందు నుంచి. మూడు బంతుల స్పైరోమీటర్ ముందే కొని రోజూ పీల్పించండి, ఆపరేషన్ తర్వాత నొప్పిలో కొత్తగా నేర్చుకోవడం ఎవరివల్లా కాదు. రోజూ నడక. తిండిలో గుడ్డు, పప్పు, పెరుగు, చికెన్ పెంచండి, తినలేకపోతే డైటీషియన్‌తో మాట్లాడి ప్రోటీన్ పౌడర్. బరువు బాగా తగ్గిపోయి ఉంటే ఆపరేషన్‌ని కొద్దిగా వెనక్కి జరిపి ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం కూడా ఉంటుంది, అది విని కంగారుపడకండి. షుగర్ అదుపులో ఉండాలి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

పాంక్రియాస్ తల కాకుండా తోక భాగం తీసే ఆపరేషన్ అయితే అక్కడ కలిపే అతుకే ఉండదు, కోసిన చివరని మూసేస్తారు, అది కూడా లీకవుతుంది. తోకతో పాటు ప్లీహాన్ని కూడా తీయాల్సి వస్తే న్యూమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు రెండు వారాల ముందే వేయించాలి. ప్లీహం లేని మనిషికి జీవితాంతం జ్వరం అంటే చిన్న విషయం కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

థియేటర్లో: ఏ కుట్టు మంచిది?

ఇక్కడే అందరూ గూగుల్‌లో మునిగిపోతారు. స్థూలంగా చెప్తాను. ఒక పద్ధతిలో పాంక్రియాస్ మధ్యలో ఉండే సన్నని నాళం నోటిని పేగు లోపలి పొరకి సన్నని దారాలతో నేరుగా కలుపుతారు, దానికి బయట ఇంకో వరుస వేస్తారు. బ్లమ్‌గార్ట్ పద్ధతి ఇందులోదే, అందులో దారాన్ని పాంక్రియాస్ మందం మొత్తం గుండా దూర్చి పేగుతో కలిపి బిగిస్తారు కాబట్టి మెత్తటి గ్రంథి చిరగడం తగ్గుతుంది. రెండో పద్ధతిలో కోసిన చివర మొత్తాన్ని పేగు లోపలికి దూర్చి చుట్టూ కుడతారు. మూడోది, పేగుకి కాకుండా జీర్ణాశయం వెనక గోడకి కలపడం. వీటి మీద, నాళంలో చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టాలా వద్దా అన్నది ఇంకో చర్చ.

పేగుకి కలపాలా జీర్ణాశయానికి కలపాలా అని జర్మనీలో పెద్ద ట్రయల్ చేసి 2016లో ఫలితాలు చెప్పారు: తేడా లేదు. లీకు రెండు వైపులా ఐదుగురిలో ఒకరికి. అందుకని 'మీరు ఏ టెక్నిక్ చేస్తారు' అని సర్జన్‌ని పరీక్ష పెట్టొద్దు. ఏది చేసినా ఎప్పుడూ అదే చేసే మనిషి, దాని అవతారాలన్నీ చూసిన మనిషి కావాలి మీకు. రోబో, కీహోల్ (చిన్న రంధ్రాల గుండా చేసేది) విషయంలో కూడా అంతే. నెదర్లాండ్స్‌లో కీహోల్ విప్పుల్‌నీ పొట్ట తెరిచి చేసే విప్పుల్‌నీ పోల్చిన ట్రయల్‌ని, కీహోల్ గుంపులో మరణాలు ఎక్కువ కనిపించేసరికి మధ్యలోనే ఆపేశారు, 2019లో ఆ వివరాలు వచ్చాయి. చేయి తిరిగిన చోట కీహోల్ మంచిదే. చిన్న కోత కోసం పట్టుబట్టడం మాత్రం వద్దు.

అతుకు నిలబడుతుందా లేదా అన్నది కుట్టు కంటే గ్రంథి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. గడ్డ నాళాన్ని చాలాకాలం అడ్డుకుని ఉంటే గ్రంథి గట్టిపడి, నాళం ఉబ్బి, కుట్టు బాగా పట్టుకుంటుంది. అదే పిత్తనాళం చివర గడ్డో, చిన్న ఆంపుల్లా (పిత్తనాళం పేగులోకి తెరుచుకునే చోటు) గడ్డో, నీటిబుడగ లాంటి సిస్టో అయితే మిగిలిన గ్రంథి ఆరోగ్యంగా, మెత్తగా ఉంటుంది, నాళం మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అప్పుడు సూది జున్నుముక్కలో దూర్చినట్టే. చూశారా తిరకాసు, జబ్బు తక్కువున్న పాంక్రియాస్‌కే లీకు భయం ఎక్కువ. కాబట్టి ఆపరేషన్ అయ్యాక సర్జన్ బయటికొచ్చినప్పుడు 'అంతా బాగా జరిగిందా' అనే ప్రశ్నతో పాటు ఇంకో రెండు అడగండి: గ్రంథి మెత్తగా ఉందా గట్టిగా ఉందా? నాళం ఎంత ఉంది? మెత్తగా, సన్నగా అన్నారంటే మీ కాపలా రెట్టింపు.

మొదటి మూడు రోజులు

ఐసీయూలో ఉన్నంతసేపూ వాళ్ళే చూసుకుంటారు. మీ పని మర్నాటి నుంచి కూర్చోబెట్టడం, నడిపించడం, గంట గంటకీ స్పైరోమీటర్ పీల్పించడం. నొప్పికి వీపులో ఎపిడ్యూరల్ ఉంటుంది, అయినా దగ్గలేనంత నొప్పి ఉందంటే ఓర్చుకోమనకండి, సిస్టర్‌కి చెప్పండి. దగ్గలేకపోతే కఫం ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయి న్యుమోనియా వస్తుంది. కాళ్ళల్లో రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద చిన్న ఇంజెక్షన్ ఇస్తారు, క్యాన్సర్ ఆపరేషన్ అయితే అది ఇంటికెళ్ళాక కూడా కలిపి నాలుగు వారాల వరకు సాగొచ్చు, డిశ్చార్జి రోజున అడగండి.

మూడో రోజు నుంచి: డ్రెయిన్ చూడటం నేర్చుకోండి

పొట్ట పక్కనుంచి వచ్చే గొట్టం, దాని చివర సంచి. ఇది మీకు లోపలి వార్త చెప్పే కిటికీ అనుకోకండి, వాసన చూసి చెప్పే జోస్యమూ కాదు, కానీ ఇందులో మార్పు మొదట కనిపించేది సాధారణంగా మీకే, ఎందుకంటే మీరు రోజంతా అక్కడే ఉంటారు.

రోజూ ఉదయం ఒకే సమయానికి సంచి ఫోటో తీయండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఎన్ని మిల్లీలీటర్లు, రంగు రాయండి. గొట్టం మెలిపడకుండా, మంచం దిగేటప్పుడు లాగకుండా చూడండి, సంచి ఎప్పుడూ పొట్ట కంటే కిందే ఉండాలి.

ఎర్రటి నీళ్ళలా మొదలై లేత పసుపులోకి మారడం మామూలు. బూడిదరంగులో మురికిగా, లేదా నీళ్ళలా తేటగా ఉండి పరిమాణం పెరుగుతూ ఉంటే పాంక్రియాస్ లీకు అనుమానం. ఆకుపచ్చగా, ముదురు ఆకుపచ్చగా ఉంటే పిత్తం. పాలు కలిపినట్టు తెల్లగా, ముఖ్యంగా నూనె నెయ్యి తిండి మొదలయ్యాక, ఉంటే అది లింఫ్ ద్రవం, తిండి మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. మొదటి రోజు దాటాక తాజా ఎర్ర రక్తం, అది రెండు చెంచాలైనా సరే, ఎప్పుడైనా, అర్ధరాత్రైనా, సిస్టర్‌ని పిలవండి. దీని గురించి కింద విడిగా చెప్తాను.

కంటికి కనిపించేదాన్ని మించి ఒక పరీక్ష ఉంది, డ్రెయిన్ ద్రవంలో అమైలేజ్ (పాంక్రియాస్ రసంలో ఉండే ఎంజైమ్). మూడో రోజున గానీ ఆ తర్వాత గానీ అది రక్తంలో ఉండాల్సిన గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే లీకు ఉన్నట్టు. ల్యాబ్ గరిష్ఠం 100 అయితే 300 దాటితే అన్నమాట. అంతమాత్రానికే భయపడొద్దు. మనిషి బాగున్నాడు, జ్వరం లేదు, చికిత్స ఏమీ మారలేదు అంటే దాన్ని 2016 నుంచి అంతర్జాతీయ నిర్వచనంలో అసలు ఫిస్టులా (చికిత్స అవసరమైన లీకు) అనడమే మానేశారు, అంకెల్లో లీకు, అంతే. డ్రెయిన్ మూడు వారాలు దాటి ఉంచాల్సి వస్తే, లేదా యాంటీబయాటిక్, కొత్త గొట్టం అవసరమైతే గ్రేడ్ బి. మళ్ళీ ఆపరేషన్, అవయవాలు దెబ్బతినడం, ప్రాణం పోవడం, ఇవి సి.

ఇంకో సంగతి, డ్రెయిన్ ఎక్కువ రోజులు ఉంటే ఎక్కువ రక్షణ అనుకుంటారు చాలామంది. ఇటలీలో వెరోనా డాక్టర్లు 2010లో చూపించింది అందుకు విరుద్ధం: మొదటి రోజు అమైలేజ్ 5000 లోపు ఉన్నవాళ్ళకి మూడో రోజే తీసేస్తే లీకులూ ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. కాబట్టి 'ఇంత త్వరగా తీసేస్తున్నారేంటి' అని గొడవపడకండి.

ఇప్పుడు నాడి. జ్వరం కంటే ముందు నాడి పెరుగుతుంది. నిన్నటిదాకా ఎనభైల్లో ఉన్నది ఇవాళ కూర్చున్నచోటే నూట పది, మనిషి చిరాకుగా, 'ఏదో బాగాలేదు' అంటున్నాడు, ఎక్కిళ్ళు, పొట్ట ఉబ్బరం, నిన్న నడిచినవాడు ఇవాళ లేవనంటున్నాడు. ఇవన్నీ కలిసొస్తే 'నీరసం వల్ల లెండి' అనే సమాధానంతో ఊరుకోకండి. మర్యాదగానే, కానీ వదలకుండా అడగండి: సార్, ఇవాళ తెల్లకణాలు, సీఆర్‌పీ చూశారా? సీటీ అవసరమా? (సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్ష.)

ఇలా ఎందుకు చెప్తున్నానంటే, నెదర్లాండ్స్‌లో దేశమంతటా ఒక ప్రయోగం చేశారు. కుట్టు మార్చలేదు, కొత్త మందు లేదు. పాంక్రియాస్ ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ రోజూ నాడి, జ్వరం, సీఆర్‌పీ లాంటివి ఒక పద్ధతి ప్రకారం చూసి, గీత దాటితే వెంటనే సీటీ, నీరు చేరి ఉంటే చర్మం గుండా గొట్టం వేయడం, డ్రెయిన్ ఎప్పుడు తీయాలో కూడా నియమం. 2022లో వచ్చిన ఫలితాల్లో ప్రాణాంతక రక్తస్రావం, అవయవ వైఫల్యం, మరణం ఈ మూడిట్లో ఏదో ఒకటి జరిగినవాళ్ళు 14 శాతం నుంచి 8కి తగ్గారు, తొంభై రోజుల్లో మరణాలు 5 నుంచి 3కి. లీకు జరగకుండా ఆపలేకపోయినా లీకుని ముందే పట్టుకుంటే మనిషి నిలబడతాడన్నమాట. ఆ పట్టుకోవడంలో మీ నోట్‌బుక్‌కీ చోటుంది.

సీటీలో నీరు గూడు కట్టిందని తేలితే సాధారణంగా స్కాన్ చూస్తూ బయటినుంచి ఒక గొట్టం వేస్తారు, మళ్ళీ పొట్ట తెరవడం చివరి మార్గం. 'మళ్ళీ గొట్టమా' అని ఏడ్చేవాళ్ళని చూస్తుంటాం. పొట్ట మళ్ళీ తెరవడంతో పోలిస్తే ఆ గొట్టం వరమే.

రక్తం గురించి విడిగా

లీకైన క్లోమరసం దగ్గర్లో కట్టేసిన ధమని మొదలుని కొరుకుతుంది. గ్యాస్ట్రోడ్యుయోడినల్ ధమని అని ఒకటుంటుంది, విప్పుల్‌లో దాన్ని కట్టి కోస్తారు, బెలూన్‌లా ఉబ్బి పగిలేది ఎక్కువగా అక్కడే. ఇది వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంటికెళ్ళాక కూడా జరుగుతుంది. పెద్ద రక్తస్రావానికి కొన్ని గంటలో కొన్ని రోజులో ముందు చాలామందికి చిన్న హెచ్చరిక వస్తుంది: డ్రెయిన్‌లో కాస్త ఎర్ర రక్తం, వాంతిలో రక్తం, నల్లగా తారులా మలం. తర్వాత ఆగిపోతుంది. ఆగిపోయింది కదా అని ఊరుకోవడమే ప్రమాదం. ఆ గడువులోనే సీటీ యాంజియో తీసి, ధమని లోపలినుంచి కాయిల్ పెట్టి మూసేయొచ్చు. ఇంటి దగ్గర జరిగితే స్థానిక క్లినిక్‌లో ఇంజెక్షన్ చేయించి తెల్లారాక చూద్దాం అనుకోకండి, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి బయలుదేరుతూ దారిలోనే ఫోన్ చేయండి. డిశ్చార్జి కాగితం ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి.

తిండి

వారం గడిచినా జీర్ణాశయం కదలక, తిన్నది వాంతి అవుతుంటే అది చాలా మామూలు ఇబ్బంది. ప్రాణం మీదకి రాదు, ఓపిక పరీక్షిస్తుంది. ముక్కు గొట్టం మళ్ళీ వేయొచ్చు, పేగులోకి ఆహారం ఇవ్వొచ్చు, రెండు మూడు వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది. ఒక్కటి అడగండి, దీని వెనక లీకు దాగి లేదు కదా అని.

నోటితో మొదలయ్యాక కొంచెం కొంచెం, ఆరుసార్లు. జావ, ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం, గుడ్డు. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి అని పథ్యం పెట్టి కుట్లు మానాల్సిన మనిషిని చారన్నం మీద ఉంచే పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళకి దండం పెట్టి, ప్రోటీన్ పెట్టండి. గ్లూకోజ్ నీళ్ళు, జ్యూసులు గటగటా తాగించొద్దు, కళ్ళు తిరిగి చెమటలు పడతాయి.

మలం జిడ్డుగా, నీళ్ళ మీద తేలుతూ, దుర్వాసనతో, ఎంత నీళ్ళు పోసినా పోకుండా ఉంటే ఎంజైమ్ చాలడం లేదు. దానికి నూనె మానేయించడం తప్పు వైద్యం, మనిషి ఎముకలగూడు అవుతాడు. క్రియాన్ లాంటి ఎంజైమ్ క్యాప్సూల్ డోసు పెంచాలి. భోజనానికి 50,000 యూనిట్ల దగ్గర, చిన్న టిఫిన్‌కి 25,000 దగ్గర మొదలుపెట్టి డాక్టరు సర్దుతారు. మొదటి ముద్దతో వేసుకోవాలి, తిన్నాక అరగంటకి వేసుకుంటే డబ్బు దండగ. వేడి కాఫీతో మింగకూడదు, నమలకూడదు. ఇది పంది పాంక్రియాస్ నుంచి తీసినది, ఇంట్లో పట్టింపు ఉంటే ముందే మాట్లాడుకోండి, దీనికి సమానమైన శాకాహార మందు మాత్రం లేదు.

ఇంటికి వచ్చాక

షుగర్ కొత్తగా రావొచ్చు, కాబట్టి మొదట్లో తరచూ, ఆ తర్వాత మూడు నెలలకోసారి చూపించండి. పాంక్రియాస్ మొత్తం తీసేస్తే ఇన్సులిన్ తప్పదు, ఆ షుగర్ ఒక్కసారిగా పడిపోతుంటుంది, తీపి జేబులో ఉండాలి. డి విటమిన్, బి12, ఐరన్ ఏడాదికోసారైనా చూడమనండి. నెలల తర్వాత చలితో జ్వరం, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే పిత్తనాళం అతుకు సన్నబడిందేమో చూడాలి, టైఫాయిడ్ అని వారం వారం యాంటీబయాటిక్ వాడించకండి.

బయాప్సీ రిపోర్టు రాగానే, గాయం పూర్తిగా మానేదాకా ఆగకుండా, ఆంకాలజీ డాక్టరుని ఒకసారి కలిసి రండి. పాంక్రియాస్ క్యాన్సర్ అయితే కీమో తప్పనిసరిగా మాట్లాడుకోవాల్సిన విషయం. అయితే లీకై నీరసించిన మనిషిని ఆరో వారానికే కీమోకి కూర్చోబెట్టాలన్న ఆత్రం అక్కర్లేదు. మొదలుపెట్టడం కాస్త ఆలస్యమైనా, సుమారు పన్నెండు వారాల లోపు మొదలై, అన్ని సైకిల్స్ పూర్తి చేసుకోగలగడం ముఖ్యమని యూరప్ ట్రయల్స్‌లో తేలింది. అప్పటిదాకా బరువు పెంచండి, నడిపించండి, క్యాప్సూల్ మొదటి ముద్దతోనే వేయిస్తున్నారో లేదో చూసుకోండి.